ఆదెమ్మ చేతుల మీది చారలు

"గురువుగారూ, మనిషి చేసిన పాపం ఒంటిమీద తేలుతుందంటారు. నిజమేనా?" అని శిష్యుడు కోటిలింగం అడిగాడు. అడిగింది గురువుగారినే గానీ, చూపంతా వంటింటి గడపలో నిలబడ్డ ఆదెమ్మ చేతుల మీదే ఉంది.

ఆదెమ్మ ఆ మఠంలో పదేళ్లుగా వండి పెడుతోంది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. ఆ పొయ్యి దగ్గర చోటు పోతే ఆమెకు వేరే దిక్కు లేదు. ఆ వేసవిలో గురువుగారు కందుకూరు దారిలో చలివేంద్రం పెట్టించి, వచ్చేపోయేవాళ్లకు నిమ్మకాయ పిండిన మజ్జిగ పొయ్యమని ఆమెకు అప్పజెప్పారు. పందిరి నీడ కుండలకే చాలలేదు. ఆమె ఎండలో పీట వేసుకుని కాయలు పిండేది. నాలుగు రోజులయ్యేసరికి చేతులు భగభగ మండి, వేళ్ల సందుల్లో బొబ్బలు లేచాయి. అవి అణిగాక, మోచేతిదాకా రసం కారిన దారుల వెంబడే నల్లటి చారలు పడ్డాయి.

ఇదేదో పాడు రోగమేనన్నాడు కోటిలింగం. ఆ చేతి మజ్జిగ తాగొద్దని బాటసారులకు చెప్పాడు. రేపట్నించి వంటింట్లో అడుగు పెట్టొద్దని ఆమెకూ చెప్పాడు. ఏ జన్మలో ఏం చేసుకున్నానోనని ఆదెమ్మ కూడా అనుకుంది. ఉన్న రెండు చీరలూ మూటగట్టుకుంది.

గురువుగారు ఆ మూట చూశారు. నాలుగు రోజులాగి వెళ్లమ్మా అని ఆమెతో అన్నారు. మర్నాడు పొద్దెక్కాక వెళ్లి ఆమె పీట మీద తనే కూర్చుని, బుట్టెడు కాయలు పిండారు. కోటిలింగం గొడుగు తెస్తే అవతల పెట్టమన్నారు. ఆయనకు కాయ సరిగ్గా కొయ్యడం చేతకావడం లేదు. ఆదెమ్మ చూపించబోయి, తన చెయ్యి తనే చూసుకుని వెనక్కి తీసుకుంది.

మూడోనాడు భోజనాల దగ్గర గురువుగారు ఆదెమ్మను పిలిచి వడ్డించమన్నారు. కోటిలింగం అడ్డం రాబోయి, విస్తరి ముందున్న ఆయన చెయ్యి చూసి ఆగిపోయాడు. అది కమిలి, వేళ్ల నిండా నీటిబొబ్బలు.

"అయ్యో, నిమ్మరసం చేతులతో ఎండలో కూర్చుంటిరి, కాలక ఏమవుతాయి!" అంటూ పెరట్లోకి పరుగెత్తి కలబంద మట్ట కోసుకొచ్చాడు.

గురువుగారు చెయ్యి ఇవ్వలేదు. అన్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయిన ఆదెమ్మ వైపు చూశారు.

"నా చేతిమీదైతే నీకు ఎండ కనపడింది, నాయనా. ముందు ఆవిడకు రాయి. ఆవిడ మంట పాతది."