గంజి గంగాళం అతుకు

అనగనగా ఉప్పుగాలి ఒక్క పూటైనా ఆగని ఒక రాజ్యం. దాన్ని మాధవభూపతి ఏలేవాడు.

ఆయన పల్లెకారుల పిల్లలందరికీ రోజూ వేడి గంజి పోయించేవాడు. అందుకోసం తుప్పు పట్టని ఉక్కుతో ఏనుగంత గంగాళం చేయించాడు. దాని రెండు సగాలనూ నిప్పుతో కలిపి అతికింది అచ్చియ్యమ్మ అనే కమ్మరి. గంగాళాన్ని ఎత్తైన పొయ్యి మీద నిలిపారు. పిల్లలు ఆ పొయ్యి పక్కనే బంతి తీరి కూర్చునేవారు. అచ్చియ్యమ్మ కూతురు వరాలూ వాళ్ళతోనే కూర్చునేది.

ఒకనాడు అచ్చియ్యమ్మకు అతుకు పక్కన ఆవగింజంత ఎర్రమచ్చ కనిపించింది.

"పేరయ్య బాబాయ్, ఇదేంటి?" అని వంటల పెద్దను అడిగింది.

"గంజి మరక. తుప్పు పట్టని ఉక్కుకి తుప్పెక్కడిదే పిచ్చిదానా!"

పేరయ్య ఇత్తడి బిందెల్ని తోమించినట్టే చింతపండు, ఉప్పు వేసి తోమించాడు. గంగాళం తళతళలాడింది.

ఆమె ఇంటికి వెళ్ళింది. కుదురుగా కూర్చోలేకపోయింది.

వారానికి మళ్ళీ వచ్చింది. మచ్చలు మూడయ్యాయి.

"ఉప్పుతో తోమకు బాబాయ్. వేడికి అది అతుకులోకి దిగుతుంది."

"నాకు వంటిల్లు నేర్పుతావా? పోయి నీ కొలిమి ఊదుకో!"

మళ్ళీ ఉప్పు. మళ్ళీ చింతపండు.

మూడోసారి వచ్చేసరికి మచ్చే లేదు. అతుకు అద్దంలా ఉంది. పైమచ్చ పోయినా లోపలికి దిగిన ఉప్పు పోదని ఆమెకు తెలుసు. చిన్న సుత్తితో తట్టింది. అంతటా ఖంగుమంది. అతుకు దగ్గర బొంగురుగా పలికింది.

పొయ్యిలో కట్టెలు పేరుస్తున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు.

"లేవండర్రా! అందరూ బయటికి!" అని అరిచింది.

గోల విని రాజు వచ్చాడు.

"దీనికి మతి చలించింది ప్రభూ," అన్నాడు పేరయ్య. "మెరిసే పాత్రకి వంక పెడుతోంది."

"రుజువుందా అమ్మా?" అన్నాడు రాజు.

అచ్చియ్యమ్మ అతుకు మీద బయట సున్నం పూసింది. అది ఆరాక, లోపలి వైపు దీపపు నూనె రాసింది. కొంతసేపటికి నూనె ఊరి, తెల్లటి సున్నం మీద వెంట్రుకంత గీత తేలింది. జానెడు సాగింది. కొమ్మలుగా చీలింది.

పేరయ్య ముఖం పాలిపోయింది. "అతికింది నువ్వే కదా మరి!" అన్నాడు.

ఆమె కూతురి వైపు చూసింది.

"నేనే. తొందరపడ్డాను. అతికినప్పుడు వేడికి ఉక్కు మీద పడ్డ నీలిమరకను తీయకుండా వదిలేశాను. అక్కడే అతుకు బలం పోయింది. ఉప్పు దాన్ని చీల్చింది. నా కొలిమి ఆర్పించండి ప్రభూ. దీని కింద మాత్రం నిప్పు పెట్టకండి."

రాజు తన చేత్తోనే కట్టెలు లాగేశాడు.

"నీ కొలిమి ఆర్పిస్తే, ఇంకెవరు నాకు నిజం చెబుతారు? నువ్వే మళ్ళీ అతుకు," అన్నాడు.

ఈసారి ఆమె నీలిమరక మొత్తం పోయేదాకా వదల్లేదు. పేరయ్య ఉప్పు మానేసి మంచినీళ్ళతో కడిగించాడు. అయినా అచ్చియ్యమ్మ రోజూ గంజివేళకు వచ్చేది. సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, ఆ తర్వాతే వరాలును కూర్చోనిచ్చేది.

పిల్లలూ, మచ్చ కనిపిస్తే తుడిచే ముందు, అదెందుకు వచ్చిందో అడగాలి.