బేసిన్‌లో చేపలు

సాయంత్రం నాలుగయింది. తొలకరి వాన. గాలి లేదు.

మా అల్లుడు ఫణి ఆ వానలోనే బండేసుకుని వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తడం లేదు. కాలవగట్టు రోడ్డు. కాలవ నిండుగా ఉంది. అమ్మాయి సుహాసిని ఆసుపత్రి బల్ల మీద నా పక్కనే కూర్చుంది. ఏడవడం లేదు. అదే నాకు భయం.

పిల్లల కోసం చేయించుకున్న పరీక్ష అది. మైక్రోస్కోపులో చూసి చిన్న డాక్టరు సుధాంశు ఫణి మొహం మీదే చెప్పేశాడు. "వీర్యకణాలు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాయండీ. పనికిరావు."

అతను పెద్ద డాక్టరు మెహరున్నీసా గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆవిడ రాగానే అదే మాట చెప్పాడు, కాస్త గర్వంగానే.

"దేంట్లో వేసి చూశావు?"

"మామూలు ద్రవంలోనే మేడమ్. నీళ్ళలా పల్చగా ఉంటుంది, బాగా కనబడతాయి."

ఆవిడ గొడుగు తీసి, "రా," అంది.

వసారా చివర మందుల కొట్టు సత్తెమ్మ బేసిన్ పెట్టుకుని కూర్చుంది. కాలవలోంచి వీధి నీళ్ళకి ఎదురెక్కిన చేపపిల్లల్ని తువ్వాలుతో పట్టింది. తొలకరికి మా వైపు అందరూ పడతారు.

"ఇవేం చేస్తున్నాయి?" అని పెద్ద డాక్టరు సుధాంశుని అడిగింది.

"గుండ్రంగా తిరుగుతున్నాయి మేడమ్."

"అయితే పనికిరావని రాసెయ్."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. బేసిన్ ఎత్తి, వీధి వారన పారే నీళ్ళలో కుమ్మరించింది.

"అయ్యో మేడమ్! నా పులుసు!"

చేపలు కాస్త కిందికి జారాయి. తర్వాత ఒక్కొక్కటే తల తిప్పుకున్నాయి. పారే నీళ్ళకి ఎదురుగా, పైకి.

సుధాంశు వానలోకి దిగి చూస్తున్నాడు.

"ఆడవాళ్ళ లోపల పల్చటి నీళ్ళు కాదు, జిగురుంటుంది," అన్నాడు తనలో తను. "అది పైనించి కిందికి పారుతుంది... చదివాను మేడమ్."

"చదివావు," అంది ఆవిడ.

లోపలికెళ్ళి, పరీక్షకిచ్చినదాంట్లో మిగిలినదాన్ని మళ్ళీ చూశాడు. ఈసారి తెల్లసొనలాంటి చిక్కటి ద్రవంలో వేసి, దాన్ని సన్నగా పారిస్తూ చూశాడు. మేం తలుపు దగ్గరే నిలబడ్డాం.

చాలాసేపటికి తలెత్తాడు. "అన్నీ కాదు. కొన్ని తిన్నగా పోతున్నాయి మేడమ్. ఎదురెక్కుతున్నాయి."

సుహాసిని అప్పుడు ఏడ్చింది.

"నాకెందుకు చెప్తావు?" అంది ఆవిడ. "వినాల్సినవాడు వానలో ఉన్నాడు."

సుధాంశు బండి తాళాలు తీసుకున్నాడు. గొడుగు మర్చిపోయాడు.

మేమిద్దరం ఆటోలో ఇంటికొచ్చాం. వాన తగ్గలేదు. నేను వాకిట్లోనే నిలబడ్డాను. దీపాలు పెట్టే వేళకి మలుపులో ఒక బండి కనిపించింది, దాని వెనకే ఇంకొకటి.

లెక్కపెట్టుకున్నాను. లోపల సుహాసిని. గుమ్మంలో ఫణి. అరుగు కింద చొక్కా పిండుకుంటూ ఆ చిన్న డాక్టరు. నేను.

అందరం వచ్చాం.