ఇప్పచెట్టు కింది గుడిసె

చెట్టు పడుతుందో పడదో ఓబులేసుకు తేలడం లేదు.

ఆశ్రమమంటే పెద్దదేం కాదు. నల్లమల అంచున గడ్డి కప్పిన నాలుగైదు గుడిసెలు. గురువు కోనమ్మ అనే ముసలమ్మ. ఆమె తంబుర మీటుతూ తత్వాలు పాడేది, వచ్చినవాళ్లకు సంగటి పెట్టేది, ఎవరైనా ఏదైనా అడిగితే ఒకటి రెండు మాటలు చెప్పేది. ఆమె గుడిసె పక్కనే పెద్ద ఇప్పచెట్టు ఉంది. వేసవి చివర వచ్చిన గాలివానకు దాని మాను నిలువునా చీలింది. ఒక సగం నిటారుగానే నిలిచింది. రెండో సగం గుడిసె మీదికి ఒరిగి, అలాగే ఆగిపోయింది.

"ఏం చేయాలో నువ్వే చూడు నాయనా," అంది కోనమ్మ ఓబులేసుతో.

ఆ మాటకు ఓబులేసు లోలోపల పొంగిపోయాడు. ఆశ్రమం పనులన్నీ అతనే చూసేవాడు. ముందూ వెనకా చూసుకోనిదే దేనికీ చేయి వేయడని, వేశాడంటే ఆ పని చెడదని అందరూ అనేవాళ్లు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

కానీ ఇది మామూలు పని కాదు. ఆ గుడిసెలోనే మద్దిలేటి తాత ఉన్నాడు. కోనమ్మకు మొదటి శిష్యుడు. కాళ్లు పడిపోయి మంచం పట్టాడు. చెట్టు కూలితే లేచి తప్పుకోగలిగినవాడు కాదు. పోనీ కొట్టేద్దామంటే, పక్క గూడెంలోని చెంచులు ఏటా ఆ చెట్టు పూలే ఏరుకుని ఎండబెట్టుకుంటారు. ఊరికే కొట్టేస్తే వాళ్ల నోటి దగ్గరిది లాగేసినట్టే.

ఓబులేసు కట్టెలు కొట్టే అతన్ని పిలిపించి చూపించాడు.

"తొలి వానకే కూలుతుంది సామీ," అన్నాడతను.

గూడెం నుంచి వచ్చిన ఈదమ్మను అడిగాడు.

"మా అమ్మ చిన్నప్పుడు లోయలో ఒక చెట్టు ఇంతకంటే పెద్దగా చీలిందంట సామీ. అమ్మ పోయింది. చెట్టు ఇంకా ఉంది," అందామె.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఓబులేసు చీలికలో ఒక పుల్ల గుచ్చి, రోజూ పొద్దున్నే వెళ్లి అది వదులైందా అని కదిపి చూసేవాడు. ఒకనాడు వదులైనట్టుండేది. మరునాడు బిగుసుకున్నట్టుండేది. అతనికి తిండి సయించడం మానేసింది.

"ఏమిరా ఓబులేసూ, అది నా మీద పడేలోగా తేలుస్తావా?" అని మంచంలోంచి నవ్వేవాడు మద్దిలేటి తాత. ఓబులేసుకు నవ్వొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం కొండల మీద మబ్బు కమ్మింది. గాలి ఉన్నట్టుండి చల్లబడింది. ఓబులేసు ఒక చేత గొడ్డలి, ఒక చేత మోకు పట్టుకుని కోనమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, కొట్టమంటే కొడతాను. కట్టి నిలబెట్టమంటే నిలబెడతాను. ఒక్కటి చెప్పండి. ఇది పడుతుందా, పడదా?"

కోనమ్మ చెట్టును పైనుంచి కిందిదాకా చూసింది.

"నాకేం తెలుసు నాయనా," అంది.

లోపలికి వెళ్లి తంబుర తెచ్చి బయట పెట్టింది. చాప తెచ్చి పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లి కేకేసింది.

"ఓబులేసూ, అవి అక్కడ పడేసి రా. మంచం ఆ పక్క పట్టు."

"అమ్మా, చెట్టు సంగతి ఇంకా తేల్చలేదు..."

"తేల్చుకో నాయనా, తొందరేముంది? ముందు మంచం పట్టు."

ముసలామె ఒక వైపు, ఓబులేసు ఒక వైపు మంచం ఎత్తారు. మద్దిలేటి తాత మురిసిపోయాడు.

"పెళ్లినాడు కూడా నన్నిట్లా ఊరేగించలేదు! పల్లకీ మెల్లగా పోనీయండప్పా!"

వంటగుడిసె అవతల, పైన ఏ చెట్టూ లేని ఖాళీ నేల మీద మంచం దించారు. కోనమ్మ వెనక్కి వచ్చి, గుడిసె కప్పును గుంజలకు కట్టిన తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. ఓబులేసు ఒక్క క్షణం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండో వైపు తాళ్లు అందుకున్నాడు.

నీళ్లకు వచ్చిన ఈదమ్మ బిందె దించి నోరు తెరిచింది.

"గుడిసె యాడికి పోతాంది సామీ?"

"నా దగ్గరికి వస్తాంది. నువ్వూ ఒక చెయ్యెయ్యి!" అని మంచంలోంచి అరిచాడు మద్దిలేటి తాత.

ఆమె గూడెం వైపు తిరిగి కేక పెట్టింది. జనం వచ్చారు. కొందరు మంచం చుట్టూ గుంతలు తీసి వేరే గుంజలు నాటారు. మిగతావాళ్లు కప్పు కిందికి దూరి, దాన్ని అలాగే భుజాల మీదికెత్తారు. అప్పుడే వాన మొదలైంది.

గడ్డి కప్పు నాలుగువైపులా కిందికి వాలి ఉండటంతో మోసేవాళ్లకు దారి కనబడలేదు. తాతే దారి చెప్పాడు.

"ఎడమకు! ఎడమకు! నా ఎడమ కాదురా, మీ ఎడమ!"

కప్పు కుడికి పోయింది. వంటగుడిసెను రాసుకుంటూ వెనక్కి తిరిగింది. లోపల ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నారు, నవ్వు ఆపుకోలేక మోయడం ఆపేస్తున్నారు. ఓబులేసు బురదలో జారి కూలబడ్డాడు. కప్పు అతని మీదుగా దాటిపోయింది. వానలో కూర్చుని, లేవడం చేతకాక, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అతను అలా నవ్వడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

చివరికి ఇల్లే నడిచొచ్చి మద్దిలేటి తాత మీద కూర్చుంది. తడిసి ముద్దయిన ముసలాయన లోపలినుంచి గొంతెత్తి తత్వం అందుకున్నాడు. కోనమ్మ తంబుర తీసుకుని లోపలికి పోయింది. పట్టినంతమంది ఆ గుడిసెలోనే ఇరుక్కుని కూర్చున్నారు. మిగిలినవాళ్లు చూరు కింద నిలబడి పాడారు.

ఆ వానాకాలం గడిచింది. చలీ గడిచింది. ఒరిగిన సగం ఒరిగినట్టే ఉంది. దాని కిందికి ఎవరూ పోకుండా ఈదమ్మ వాళ్లు ముళ్లకంప వేశారు. ఎండలు ముదిరేసరికి చెట్టు రెండు సగాలూ విరగబూశాయి. తెల్లవారేసరికి నేలంతా పూలే.

గంపలతో గూడెం వాళ్లు పూలు ఏరుకుంటుంటే, కోనమ్మ పక్కన నిలబడి ఓబులేసు కాస్త చిన్నబోయినట్టు అన్నాడు.

"పడనే లేదమ్మా. గుడిసెను ఊరికే మోశాం."

కోనమ్మ ఒక పువ్వు నోట్లో వేసుకుని చప్పరించింది.

"పడదని ముందే తెలిసి ఉంటే మోసేవాళ్లమా?"

"లేదమ్మా."

"చూశావా మరి," అంది కోనమ్మ. "ఎంత మంచి సాయంత్రం పోగొట్టుకునేవాళ్లమో!"