పైడితల్లి ఆఖరి మ్యాచ్

పైడితల్లికి ఆఖరి మ్యాచ్ ఒకటి కావాలి.

పదమూడేళ్లు భారత జట్టుకి ఫాస్ట్ బౌలింగ్ చేసిన మనిషి. విజయనగరంలో రైల్వే గేటు పక్క సందులో పుట్టి, తొమ్మిది దేశాల్లో బంతి వేసింది. ముప్పై ఐదు నిండాయి. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. కిందటి రెండు సిరీస్‌లకీ జట్టులో ఆమె పేరు లేదు. మూడోదానికి ముందు బోర్డు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, ఇక రిటైర్మెంట్ ప్రకటిస్తే బాగుంటుందని, నెలాఖరులోగా నాలుగు ముక్కలు రాసి పంపమని చెప్పాడు.

తప్పుకోవడానికి ఆమెకి బాధ లేదు. పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు మోకాలు ఆ సంగతి రోజూ చెబుతూనే ఉంది. బాధల్లా తప్పుకునే తీరు గురించే. రెండేళ్ల కిందట వికెట్ కీపర్ రిటైరైనప్పుడు జట్టంతా రెండు వరసల్లో నిలబడి, బ్యాట్లు పైకెత్తి దారి ఇచ్చింది. స్టేడియం లేచి నిలబడింది. ఆవిడని భుజాల మీద మోసినవాళ్లలో పైడితల్లి కూడా ఉంది. తనకి మాత్రం ఒక ఫోన్ కాల్.

ఒక్క మ్యాచ్. అంతే ఆమె అడిగేది. చెప్పి ఆడి, చెప్పి వెళ్లాలి.

నెలాఖరు ఇంకా వారం ఉందనగా రైలెక్కి విజయనగరం వచ్చింది. తిన్నగా సన్యాసిరావు మాస్టారింటికి వెళ్లింది.

సన్యాసిరావు మాస్టారు మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోయినా గ్రౌండ్‌కి వెళ్లడం మానలేదు. నలభై ఏళ్లుగా రోజూ పొద్దున్న ఆరింటికి ఊళ్లో ఆడపిల్లలకి క్రికెట్ నేర్పుతున్నారు. పదకొండేళ్ల పైడితల్లి చేతికి మొదటిసారి తోలు బంతి ఇచ్చిందీ, కుట్టు మీద రెండు వేళ్లు ఎలా పెట్టాలో చూపించిందీ ఆయనే.

ఆమె అంతా చెప్పుకొచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇప్పుడు సెలక్షన్ కమిటీలో ఉన్న ఒకావిడ ఒకప్పుడు మాస్టారి దగ్గర ఆడినావిడే. మాస్టారు ఒక్క మాట చెబితే ఆవిడ కాదనదు. వచ్చే నెల విశాఖపట్నంలోనే ఒక మ్యాచ్ ఉంది. ఆ ఒక్కదానికి పదకొండుమందిలో చోటిస్తే చాలు.

మాస్టారు కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకుని అంతా విన్నారు. 

"రేపు ఆరింటికి గ్రౌండ్‌కి వచ్చీయ్," అన్నారు.

మర్నాడు ఆరుకి ఐదు నిమిషాలుండగానే వెళ్లింది. పాతికమంది దాకా పిల్లలున్నారు. ఆమెని చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు తనని అందరికీ పరిచయం చేస్తారనీ, నాలుగు మాటలు చెప్పమంటారనీ అనుకుంది. ఏం చెప్పాలో దారిలోనే కొంచెం ఆలోచించుకుంది కూడా.

మాస్టారు ఒక ప్లాస్టిక్ బక్కెట్టు ఆమె ముందు పెట్టారు. దాన్నిండా పాత బంతులు.

"ఒక్కోటీ అందించమ్మా," అన్నారు.

నెట్‌లో హైమావతి అనే అమ్మాయి ప్యాడ్లు కట్టుకుని నిలబడి ఉంది. నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. ఎడమచేతి బ్యాటింగ్. చేతుల్లో మంచి సొగసుంది, కానీ బంతి పక్కటెముకల మీదికి లేచిందంటే చాలు, మొహం పక్కకి తిప్పేస్తుంది. మాస్టారు పిచ్ మధ్యకి వచ్చి నిలబడి, సరిగ్గా అక్కడికే లేచేలా బంతులు విసరడం మొదలెట్టారు.

పైడితల్లి ఒక్కో బంతీ అందించింది.

మొదటి పది బంతులకీ ఆమె మనసు అక్కడ లేదు. పదమూడేళ్లు దేశానికి ఆడి వచ్చిన మనిషిని బంతులు అందించమన్నారని కాస్త చిన్నబోయింది కూడా. ఆ తర్వాత మాస్టారి చెయ్యి కనబడింది. ప్రతి బంతీ విసిరాక ఆయన ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకుంటున్నారు. అక్కడ వేళ్లు వణుకుతున్నాయి. ముందు నిలబడ్డ హైమావతికి అవి కనబడవు. వెనకాల ఉన్న పైడితల్లికి కనబడుతున్నాయి.

పదిహేనో బంతికి, తను వేస్తానంది.

"ఇవాళ్టికి నేనేస్తాను," అన్నారు మాస్టారు. చెయ్యి చాపారు. ఆమె మళ్లీ బంతి అందించింది.

ఇరవై దాటాయి. హైమావతి మొహం తిప్పుతూనే ఉంది. ఆయన విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. "గెడ్డం భుజం మీద పెట్టు తల్లీ" అన్న ఒక్క మాటే ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు చెప్పారు. ముప్పై దాటేసరికి హైమావతి కళ్లు బంతి మీద నిలవడం మొదలైంది. ముప్పై ఎనిమిదోది గ్లౌజుకి తగిలింది. అమ్మాయి చెయ్యి దులుపుకుని మళ్లీ నిలబడింది. ఆ తర్వాతిది బ్యాట్ పైభాగానికి తగిలి పక్కకి పోయింది.

నలభయ్యోది పక్కటెముకల ఎత్తుకి లేచింది. హైమావతి తల కదల్లేదు. చేతులు మెత్తగా వదిలింది. బంతి బ్యాట్‌కి తగిలి, ఆ అమ్మాయి కాళ్ల దగ్గరే పడి ఆగిపోయింది.

"అదీ," అన్నారు మాస్టారు. "ఇంటికెళ్లి నీళ్లోసుకుని బస్సెక్కు. కిటికీ పక్కన కూర్చోకు, మెడ పట్టీస్తది."

హైమావతి ప్యాడ్లు విప్పి, రోజూ చెప్పినట్టే వెళ్లొస్తానని చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయింది. మాస్టారు చేతులు కడుక్కుని, జేబులోంచి స్టోర్‌రూమ్ తాళంచెవి తీసి తవిటినాయుడికిచ్చి, గేటు బయటికి నడిచారు. తవిటినాయుడు కొన్నేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న కోచ్.

అతను ఆ తాళంచెవిని పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏమైందని పైడితల్లి అడిగింది.

మాస్టారికి ఇవాళే ఆఖరి రోజని చెప్పాడతను. నరం దెబ్బతింది, ఇక చెయ్యి ఎత్తి విసరకూడదని డాక్టరు కిందటి నెల గట్టిగా చెప్పాడట. మరునాటి నుంచి పిల్లల్ని తవిటినాయుడే చూసుకోవాలి. ఎవరికైనా ముందుగా చెబితే అటు పిమ్మట తన మొహం చూడొద్దని మాస్టారు ఒట్టు వేయించుకున్నారట. నలభై ఏళ్లలో ఆ చేతి కింద ఆడినవాళ్లు వెయ్యిమంది ఉంటారు. ఒక్కరికీ తెలియదు.

పైడితల్లి గేటు బయటికి పరిగెత్తింది.

మాస్టారు రాగిపిండితో కాచిన చోడి అంబలి అమ్మే బండి దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నారు. అంబలి గ్లాసుని ఎడం చేత్తో పట్టుకున్నారు. పక్కన తరిగిన ఉల్లిపాయ ముక్కలు. ఆమెని చూసి, ఇంకో గ్లాసు పొయ్యమని బండావిడకి సైగ చేశారు.

పైడితల్లి కూర్చోలేదు. ఒక్క ముక్క చెబితే ఎక్కడెక్కడి వాళ్లమో వచ్చి వాలేవాళ్లం కదా అంది. పూలదండలు, శాలువాలు, మేళం, ఊళ్లో పెద్దలు. ఇలా బంతులు విసిరి, చేతులు కడుక్కుని వచ్చేస్తారా అని నిలదీసింది. నిలదీస్తూనే ఏడ్చింది.

మాస్టారు ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగారు.

"హైమకి రేపు రాష్ట్ర జట్టు సెలక్షను," అన్నారు. "మీరందరూ వచ్చి దండలేస్తే, దాని నలభై బంతులూ ఎవరేస్తారమ్మా?"

పైడితల్లి ఆయన పక్కనే బల్ల మీద కూలబడింది. బండావిడ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చింది. మజ్జిగ పోసిన అంబలి చల్లగా ఉంది.  రోడ్డు మీద స్కూలు రిక్షాలు పోతున్నాయి.

"ఇండియాకి నువ్వు ఆఖర్న వేసిన ఓవర్ ఏది?" అని అడిగారు మాస్టారు.

ఆమె ఆలోచించుకోవలసి వచ్చింది. ఇంగ్లండులో, ఒక చిన్న ఊరి గ్రౌండు. సన్నగా తుంపర. చలికి వేళ్లు కొయ్యబారిపోయి, ఓవర్‌కి ముందు చేతుల్ని చంకల్లో దాచుకుంది. నాలుగో బంతి ఆఖరి క్షణంలో బయటికి తిరిగి బ్యాట్ అంచుకి తగిలింది, కీపర్ పట్టింది. ఆరో బంతి స్టంపుల మీద నుంచి వెంట్రుకవాసిలో పోయింది. కొత్తగా వచ్చిన అవతలి అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది, పైడితల్లీ నవ్వింది. స్వెటర్ వేసుకుని, ఆ పూట హోటల్లో అన్నం దొరుకుతుందా లేదా అనుకుంటూ బౌండరీ దగ్గరికి నడిచింది. ఆ మ్యాచ్ గెలిచారు. వారం తర్వాత మోకాలు వాచింది.

ఇదంతా ఆయనకి చెప్పింది. చెబుతూంటే ఆ తడి గడ్డి వాసన కూడా గుర్తుకొచ్చింది.

"బాగా వేశావా?"

"బాగానే వేశాను మాస్టారూ."

"మరింకేటి," అని ఆయన ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకున్నారు.

పైడితల్లి గ్లాసు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. ఎందుకో నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని ఆపుకోలేదు. తర్వాత ఫోన్ తీసి, అక్కడే ఆ బల్ల మీదే, బోర్డుకి పంపాల్సిన ఆ నాలుగు ముక్కలూ రాయడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పట్టలేదు. అమ్మానాన్నలకీ, తోటి ఆటగాళ్లకీ, డాక్టర్లకీ కృతజ్ఞతలు చెప్పింది. మాస్టారి పేరు రాసింది.

ఆయన కళ్లద్దాలు తెచ్చుకోలేదట, చదవమన్నారు. ఆమె చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. 'ఈ రోజుతో నేను క్రికెట్ నుంచి తప్పుకుంటున్నాను' అన్నచోట కళ్లు తెరిచారు.

"క్రికెట్ నుంచా?"

"అందరూ అలాగే రాస్తారు మాస్టారూ."

"ఇండియా టీము నుంచి అని రాయమ్మా," అన్నారాయన. "క్రికెట్ ఏటి చేసింది నిన్ను?"