దళవాయి పురి విప్పిన రోజు

ఏటిమెట్ట రాజు నరసభూపతికి ఏటా ఆషాఢం రాగానే ఒకటే పిచ్చి. తొలి వాన పడిన మర్నాడు సభనంతా వెంటబెట్టుకుని తోటకు వెళ్లేవాడు. తన ముద్దుల నెమలి చుక్కలరాయుడు పురి విప్పితే ఎన్ని పెట్టలు దగ్గరికి వస్తాయో చూసేవాడు. పది వస్తే ఆ ఏడు రాజ్యానికి తిరుగులేదని నమ్మకం. యుద్ధానికి పోవాలా వద్దా అన్నది కూడా ఆ పెట్టలే తేల్చేవి. ఆ సంగతి వాటికి తెలియదు కాబట్టి హాయిగా ఉండేవి.

ఆ ఏడు చుక్కలరాయుడు పురి విప్పాడు. ఈకలు గలగలలాడించాడు. ఒక పెట్ట వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అవతల మామిడిగున్న కింద ఆడుతున్న ఇంకో నెమలి దగ్గరికి వెళ్లిపోయింది. మిగతావి కూడా అటే పోయాయి.

రాజు మొహం మాడిపోయింది.

సేనను నడిపే దళవాయి భైరవరాజుకు ఇలాంటి సమయాలంటే పండగ. యుద్ధంలో ఎన్నడూ ముందు వరుసలో కనబడని ఈ మహావీరుడు సభలో మాత్రం ముందు వరుస వదిలేవాడు కాదు. తలపాగా చుట్టుకోవడానికే అతనికి ఒక పూట పట్టేది. ఆ రోజు దాని నిండా నెమలి ఈకలు దోపాడు. అవి వెనక నడుము దాకా వేలాడుతున్నాయి. అంతఃపురం చెలికత్తెలు తనను చూసి మనసు పారేసుకుంటారని అతని ధీమా. వాళ్లేమో అతను కనబడితే పక్క దారి పట్టేవారు. అది సిగ్గని అతను అర్థం చెప్పుకునేవాడు. ఇలాంటి వాళ్లకు అద్దం చూపించినా లాభం లేదు, అందులోనూ వాళ్లకు కావలసిందే కనబడుతుంది.

తోటలో ముప్పై ఏళ్లుగా నెమళ్లను సాకుతున్నది పోలక్క. గింజలన్నీ ఆమే మింగేసి నెమలిని నీరసపెట్టిందని దళవాయి రాజుకు ఎక్కించాడు. పెట్టలకు ఎంచుకునే తెలివేమిటని, బలమున్న మగదాని వెంట అవి నోరు మూసుకుని నడుస్తాయని ఉపన్యాసం ఇచ్చాడు. ఆమెను వెళ్లగొట్టి తోటను తన బావమరిదికి అప్పజెప్పమన్నాడు.

పొద్దు కుంకేలోగా కారణం చెప్పు, లేకపోతే మూట సర్దుకో అన్నాడు రాజు.

తోట మూలనున్న గుడిసె తప్ప పోలక్కకు వేరే గూడు లేదు. తను పిల్లల్లా పెంచిన పక్షులు ఆ బావమరిది చేతిలో పడతాయంటే కడుపు మండిపోయింది.

ఆమె చుక్కలరాయుడి పింఛం తడిమి చూసింది. నడిమధ్యన ఈకలు లేవు. నిన్న మధ్యాహ్నం తను గింజల కోసం పొలాలకు వెళ్లింది, ఆ ఒక్క పూటే తోటలో లేదు. తిరిగి దళవాయి తలపాగా వంక చూసింది. సంగతి తెలిసిపోయింది. కానీ ఈకల మీద పేర్లు రాసి ఉండవు. పోయినేడాది రాలినవని అతనంటే, కాదనడానికి ఆమె దగ్గర సాక్ష్యమేముంది?

ఆమె చేతులు కట్టుకుని రాజు ముందు నిలబడింది. పెట్టలు ఎవరి వెంట పడితే వారి వెంట పోవని చెప్పింది. నాలుగైదు మగవాటిని తిరిగి చూసి, పింఛం మీది కన్నుల నిండుదనం చూసి, నచ్చినదాన్ని ఎంచుకుంటాయి. మగది ఎంత ఆడినా తీర్పు మాత్రం పెట్టదే. ఇప్పుడు చుక్కలరాయుడికి ఆ కన్నులే తగ్గాయి.

"ఎందుకు తగ్గాయి?" అన్నాడు రాజు.

"చెబుతాను ప్రభూ. ముందు దళవాయిగారిని చూస్తే నాకు జాలేస్తోంది. అంతటివారు పోయినేడాది రాలిన పాత ఈకలు పెట్టుకుని తిరుగుతున్నారు. రంగంతా వెలిసిపోయింది."

భైరవరాజుకు ఒళ్లు మండింది. అతన్ని దొంగ అన్నా ఓర్చుకునేవాడేమో, వెలిసిపోయాడంటే మాత్రం ఓర్చుకోలేడు.

"పాతవా? నీ కళ్లకు పొర కమ్మిందా ముసల్దానా? ఇవి నిన్నటివి. ఆ మెరుపు చూడు. భైరవరాజు పాతది ముట్టడు."

"నిన్న ఎక్కడ దొరికాయి బాబూ?"

"ఈ తోటలోనే. చెట్టు కింద రాలి ఉంటే ఏరుకున్నాను. రాలిన ఈక ఎవరైనా తీసుకోవచ్చు."

పోలక్క రాజు వైపు తిరిగింది.

"నెమలి ఈకలు రాల్చేది ఆటలన్నీ అయ్యాక, భాద్రపదం దాటాక ప్రభూ. పెళ్లిచూపుల ముందు రోజు గుండు కొట్టించుకునే పెళ్లికొడుకు ఎక్కడైనా ఉంటాడా?"

రాజు లేచి వెళ్లి తలపాగాలోంచి ఒక ఈక లాగి చూశాడు. ఈక మొదలు దగ్గర నెత్తుటి చార ఇంకా ఉంది.

రాజుకు కోపం వచ్చింది, ఆ వెంటనే కొంటె ఆలోచన కూడా వచ్చింది. ఈ ఈకలు చుక్కలరాయుడికి మళ్లీ మొలవాలంటే శివరాత్రి దాకా ఆగాలి. అందాకా ఈకలున్నవాడే ఆడాలి అన్నాడు. "పెట్టలు బలమున్నవాడి వెంట నోరు మూసుకుని నడుస్తాయన్నావుగా దళవాయీ. ఆడు, చూద్దాం."

భైరవరాజు బురదలో దిగాడు. చేతులు చాచి, నడుం తిప్పి, ఈకలు ఊపుతూ గెంతాడు. ఒక పెట్ట నిజంగానే దగ్గరికి వచ్చింది. చుట్టూ తిరిగింది. ఈకల్ని చూసింది. మెడ ఎత్తి అతని మొహం చూసింది. తర్వాత అటు తిరిగి, వానకు లేచిన ఉసిళ్లను ఏరుకు తినసాగింది.

"ఏమంటోంది పోలక్కా?" అన్నాడు రాజు, నవ్వు ఆపుకోలేక.

"ఈకలకేం వంక పెట్టలేదు ప్రభూ. వాటి కింద ఉన్న మనిషినే వద్దంటోంది."

సభంతా పగలబడి నవ్వింది. మేడ మీది కిటికీల వెనక చెలికత్తెలు అందరికన్నా గట్టిగా నవ్వారు. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి పోలక్కకు కప్పాడు. బతికున్నన్నాళ్లూ తోట ఆమెదేనన్నాడు. శివరాత్రి దాకా నెమళ్ల రెట్ట ఎత్తే పని దళవాయికి ఇచ్చాడు.