గంటాలమ్మ చేతి మాటలు

అనగా అనగా, మూడు పక్కలా ఎత్తు గట్లు, మధ్యలో గిన్నె అడుగున పడ్డట్టు ఒక ఊరు. పేరు పల్లంపేట. గిన్నె అడుగున ఉంది కాబట్టి, గాల్లోంచి ఫోన్లలోకి దిగే నెట్టు అక్కడికి దిగేది కాదు. వస్తే తీగ మీదే రావాలి. మేడ మీంచి మేడకి, స్తంభం మీంచి స్తంభానికి, జడ విప్పి ఆరబోసుకున్నట్టు ఊరంతా తీగలే. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. మీరు ఊ కొడుతుంటేనే తరవాతది నాకు గుర్తొస్తుంది.

ఆ ఊరి మధ్యలోంచి ఒక మురుక్కాలవ పోయేది. కాలవకి తూర్పంతా భీమశంకరం తీగలు. పడమరంతా కోటిలింగం తీగలు. ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. ఆటోకి మైకు కట్టించి ఈయన ఆయన్ని దొంగ అంటే, ఆయన ఈయన్ని గజదొంగ అనేవాడు. కానీ ఈయన తీగ ఆ ఒడ్డుకి వెళ్ళేది కాదు, ఆయన తీగ ఈ ఒడ్డుకి వచ్చేది కాదు. జనం మాత్రం ఆ తిట్లు విని, మన ఊళ్ళో పోటీ గట్టిగా ఉందని మురిసిపోయేవారు.

ఇద్దరిదీ ఒకటే పద్ధతి. ఒకటో తారీకున ఇంటికి ఇంత అని కొలిచి నెట్టు వదులుతారు. అది అయిపోయిందా, మళ్ళీ ఒకటో తారీకు దాకా చుక్క చుక్కగా కారుతుంది. దాన్ని లిమిట్టు అనేవారు. పద్దెనిమిదో తారీకు వచ్చేసరికి ఊరందరి ఫోన్లలోనూ గుండ్రంగా చక్రాలు తిరుగుతుండేవి, జనం వాటి మొహం చూస్తూ కూర్చునేవారు.

తూర్పు వీధిలో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ కోడలు వీరవేణి. ఈ కథ వీరవేణిది. వీరవేణి తల్లి పేరు గంటాలమ్మ. పుట్టినప్పటినించీ చెవులు వినపడవు, నోట మాట రాదు. చదువా, లేదు. మూడు బస్సులూ ఒక పడవా ఎక్కితే గానీ చేరలేని లంకలో, తమ్ముడింట్లో ఉండేది.

వీరవేణి చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లీ కూతురూ ఇద్దరే ఒక ఇంట్లో ఉంటూ చేతులతో ఒక భాష అల్లుకున్నారు. వాన అంటే మోచేతి మీంచి మణికట్టు దాకా వేళ్ళు జారవిడవడం. ముసురు అంటే అదే వానని మొహం వేలాడేసి మెల్లిగా జార్చడం. కోపానికి చెవి తమ్మె మెలిపెట్టాలి. అత్తగారు అంటే ముడి బిగించుకుని మూతి పక్కకి తిప్పాలి. ఆ మాట మాత్రం పెళ్ళయ్యాక పుట్టింది లెండి. బళ్ళో చెప్పే భాష కాదది. ఈ భూమ్మీద ఆ భాష వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

వీరవేణి కాపరానికి వచ్చాక మేనమామ అక్కగారికి ఒక ఫోను కొనిపెట్టాడు. ఇక్కడ ఇంటి పని అయ్యాక వీరవేణి ఫోనుని చెంబుకి ఆనించి కూర్చునేది. అక్కడ గంటాలమ్మ కూర్చునేది. గంటసేపు నాలుగు చేతులూ గాల్లో ఆడుతూనే ఉండేవి. ఫోనులో బొమ్మ ఆగిపోతే మీకూ నాకూ గొంతైనా వినిపిస్తుంది. వాళ్ళకి అలా కాదే. బొమ్మ ఆగిందంటే మాట ఆగినట్టే. గంటాలమ్మ చెయ్యి పైకి లేచి అక్కడే బిగుసుకుపోయేది. వేళ్ళు గళ్ళు గళ్ళుగా చెదిరిపోయేవి. ఆ చెయ్యి ఏం చెప్పబోయిందో తెలియాలంటే ఒకటో తారీకు రావాలి.

పైగా ఇంట్లో వరహాలమ్మ సాధింపు.

“చేతులు తిప్పుకోడానికి అంత నెట్టెందుకే? నా సీరియల్లో వాళ్ళు నోటితో మాట్లాడుతుంటేనే చాలట్లేదు.”

అందుకని తల్లీ కూతురూ పొదుపు మొదలుపెట్టారు. ముందు పిచ్చాపాటీ మానేశారు. తరవాత ఎకసెక్కాలు మానేశారు. తరవాత వచ్చిన కలలు చెప్పుకోవడం మానేశారు. తరవాత పోట్లాడుకోవడం కూడా మానేశారు. చివరికి మిగిలింది, తిన్నావా, తిన్నాను. ఒంట్లో బాగుందా, బాగుంది. ఉంటాను, ఉండు. ఇంతే.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పల్లంపేటలో కుంభవృష్టి. నెల మొదటి వారం కదా, లిమిట్టు నిండుగా ఉంది. వీరవేణి సంబరంగా కూర్చుని, మోచేతి మీంచి మణికట్టు దాకా వేళ్ళు జార్చి వాన వాన అని చూపించింది. గంటాలమ్మ కదలకుండా చూస్తోంది. బొమ్మ ఆగిపోయిందేమో అనుకుంది వీరవేణి. ఆగలేదు. తల్లి వెనకాల కోడిపెట్ట నడుస్తూనే ఉంది. మళ్ళీ చూపించింది. గంటాలమ్మ తన మోచెయ్యి చూసుకుని, నొప్పేం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

వాన మర్చిపోయింది ఆవిడ. తమ్ముడింట్లో అన్నం పళ్ళెం చూపిస్తారు, మంచం చూపిస్తారు. ఆ భాష మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు? మాట్లాడకపోతే ఏ మాటైనా ఎన్నాళ్ళుంటుంది? వీరవేణి లోపల లెక్క వేసుకుంది. ఇవాళ వాన పోయింది, రేపు ఏది పోతుందో, ఎల్లుండి తనే పోతుందేమో ఆ తల్లి మనసులోంచి.

చీర కుచ్చెళ్ళు దోపుకుని భీమశంకరం దగ్గరికి వెళ్ళింది. లిమిట్టు ఎందుకయ్యా అంటే తీగ సన్నం అన్నాడు. తీగ ఎందుకు సన్నం అంటే స్తంభం మొయ్యదన్నాడు. స్తంభం ఎందుకు మొయ్యదంటే రాజుగారు కొత్తవి పాతించలేదన్నాడు. రాజుగారు ఎందుకు పాతించలేదంటే ఎవరూ అడగలేదన్నాడు. పోనీ అవతలాయన తీగ తెచ్చుకుంటానంటే, కాలవ దాటిన తీగని మిట్టమధ్యాహ్నం దెయ్యం తెంపేస్తుందన్నాడు. అదీ నిజమే. అంతకు ముందు ఏడాది పొరుగూరాయన ఒకడు మూడో తీగ లాగితే, జనం అన్నాలు తిని కునుకు తీసే వేళకి అది కాస్తా తెగి కాలవలో తేలింది. ఆయన మళ్ళీ రాలేదు.

తీగ రాకపోతే మనమే వెళదామంది వీరవేణి. వాళ్ళది ఎలాగూ అద్దె ఇల్లే. మొగుణ్ణి ఒప్పించి, అత్తగారి చేత నానా మాటలూ అనిపించుకుని, మంచాలూ బిందెలూ బండికెత్తి పడమటి ఒడ్డుకి మకాం మార్చింది. కోటిలింగం తరఫున తీగ బిగించడానికి ఒక మనిషి వచ్చాడు. ఎవరా మనిషి? తూర్పు వీధిలో భీమశంకరం తరఫున బిగించినవాడే. అదే నిచ్చెన. వీరవేణి ఏంటయ్యా ఇది అంటే, పని ఎక్కడుంటే అక్కడ చేసుకుంటామమ్మా అన్నాడు. ఆ నెల పద్దెనిమిదో తారీకున మళ్ళీ చక్రం తిరిగింది.

ఎక్కడున్నాం? ఆఁ, చక్రం.

శ్రావణమాసం వచ్చింది. ఊళ్ళో సర్వారాయుడు అని ఒక పెద్దాయన. ఆయన ఇంట్లో పేరంటం అంటే వీరవేణి కూడా వెళ్ళింది. తాంబూలం తీసుకుని దొడ్డిదారిన వస్తుంటే వంటింటి వసారాలో ఇద్దరు మగవాళ్ళు పక్క పక్క పీటల మీద కూర్చుని బూరెలు తింటున్నారు. ఒకడి విస్తట్లోది ఇంకొకడు తీసుకుని మరీ తింటున్నారు. ఒకడు భీమశంకరం, ఇంకొకడు కోటిలింగం. వడ్డిస్తున్నది సర్వారాయుడి ఇద్దరు కూతుళ్ళు. పొరుగూరి కుర్రాళ్ళని ఇద్దర్నీ ఊళ్ళో తెలియకుండా గుట్టుగా అల్లుళ్ళని చేసుకున్నాడట ఆయన. రాజుగారి దగ్గర స్తంభాల హక్కు తను రాయించుకుని, ఊరిని కాలవతో రెండు ముక్కలు చేసి, పెద్దమ్మాయికి తూర్పు, చిన్నమ్మాయికి పడమర పసుపుకుంకుమల కింద ఇచ్చేశాడు. మనుషులతో సహా.

వీరవేణి నేరుగా రాజుగారి కోటకి వెళ్ళి అంతా చెప్పింది. లిమిట్టు అంటే ఏమిటని రాజుగారు అడిగారు. పాపం ఆయనకి తెలియదు. కోటకి మాత్రం కొలత లేకుండా, ఉచితంగా ఇచ్చేవారు. తోడల్లుళ్ళిద్దర్నీ పిలిపిస్తే, చుట్టరికం చుట్టరికమే, వ్యాపారం వ్యాపారమే, మేం బద్ధశత్రువులం అని అక్కడే ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. రాజుగారు నమ్మేశారు. అప్పుడంది వీరవేణి.

“అయితే రాజుగారూ, కాలవ హద్దు చెరిపేయండి. రేపు పొద్దు గుంకేలోగా ఎవరు ముందు అవతలి ఒడ్డుకి తీగ లాగితే ఊరంతా వాళ్ళదే అని చాటించండి. దెయ్యం సంగతి నాకు వదిలేయండి.”

రాజుగారికి ఇది తమాషాగా తోచింది. ఆ సాయంత్రమే దండోరా వేయించారు. మర్నాడు ఊరంతా రెండు ఒడ్ల మీదా చేరింది. వీరవేణి గొడుగు వేసుకుని కాలవ మీది పలకరాయి మీద నిలబడింది. ఈ ఒడ్డున భీమశంకరం, చేతిలో తీగ చుట్ట. ఆ ఒడ్డున కోటిలింగం, చేతిలో తీగ చుట్ట. కాలవ ఎంత వెడల్పు? మీ నాన్న ఒక్క గెంతులో దాటేస్తాడు. ఊరంతా నీదే అంటే ఏ శత్రువు ఊరుకుంటాడు? కానీ వీడు కదల్లేదు, వాడు కదల్లేదు. ఇద్దరూ ఒక్క చోటికే చూస్తున్నారు, కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారి కేసి. మిట్టమధ్యాహ్నం అయింది. తీగే లేకపోతే తెంపడానికి దెయ్యం మాత్రం ఎందుకొస్తుంది, అదీ రాలేదు. పొద్దు గుంకింది. తీగ చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి.

 జనం, ఇన్నేళ్ళూ తాము నవ్వుతూ విన్న తిట్లన్నీ గుర్తొచ్చి, తలలు దించుకుని ఇళ్ళకి పోయారు. ఎవరైనా వచ్చి తీగ లాగొచ్చని రాజుగారు తీర్పు చెప్పారు. తోడల్లుళ్ళని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. కోటకి వెళ్ళేది వాళ్ళ తీగే కదూ. ఆ తీర్పు కాగితం మీద పడి, సంతకమై, ముద్ర వేసి బయటికి వచ్చేసరికి ఇంకో ఏడాది. అప్పుడు పొరుగూళ్ళ నించి ముగ్గురు వచ్చారు, లిమిట్టు లేదన్నారు. ఆ వారమే భీమశంకరమూ, కోటిలింగమూ కూడా లిమిట్టు ఎత్తేశారు. తీగ మార్చారా? లేదు, ఉన్న తీగే. స్తంభం మార్చారా? అదీ లేదు. ఏ సన్నపు తీగలోంచి చుక్క చుక్కగా వచ్చేదో, ఆ తీగలోంచే ధారగా వచ్చింది. ఎప్పుడడిగినా వచ్చేదే అది.

ఊరంతా సంతోషం. వరహాలమ్మ పొద్దస్తమానం సీరియళ్ళు చూసుకుంది. కోడల్ని వీధి వీధికీ వెళ్ళి పొగిడింది.

వీరవేణి ఫోను ముందు కూర్చుంది. ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ముసురు చూపించింది, గంటాలమ్మకి తెలియలేదు. చెవి తమ్మె మెలిపెట్టింది, తెలియలేదు. ఇంకో మాట చూపించబోయి తనే ఆగింది. కలకి ఏ చేతిని ఎలా తిప్పేవారో తనకే గుర్తు రాలేదు. అడుగుదామంటే లోకంలో అది తెలిసిన రెండో మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతోంది. తిన్నావా అంది గంటాలమ్మ చెయ్యి. తిన్నాను అంది వీరవేణి చెయ్యి. ఆ తరవాత నాలుగు చేతులూ ఒళ్ళోకి వచ్చేశాయి.

కానీ వీరవేణి ఫోను కట్టెయ్యలేదు. రోజూ పొద్దున పెట్టి సాయంత్రం దాకా ఉంచేసేది. ఇక్కడ తను చింతపండు పిక్కలు తీసుకుంటుంటే, అక్కడ తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. మధ్యలో తలెత్తి ఒకరినొకరు చూసుకునేవారు. అలా హాయిగా ఉన్నారు.

ఉన్నారర్రా, హాయిగానే ఉన్నారు.

మీరు మాట్లాడుకోవడానికి ఎవడైనా కొలత పెడితే, సర్లే అని మాటలు తగ్గించుకోకండి. ఆ రోజే వెళ్ళి అడగండి. పొద్దస్తమానం ఈ ముసలిది వాగుతూనే ఉంటుందని మీ అమ్మ విసుక్కుంటుంది కదా, వాగకపోతే నాకు మాత్రం ఏం మిగులుతుంది? కథేమో కంచి బస్సెక్కేసింది. మనం దుప్పట్లోకి దూరదాం, జరగండి.