సూరవ్వ చుక్క

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల మాట ఇది. రాకలగుట్ట కోటలో సూరవ్వ అనే ముసలామె ఉండేది. గోడల మీద బొమ్మలు వేసే చిత్రకారుడికి రంగులు నూరడం ఆమె పని. ఆమెకు ఒక్కడే కొడుకు, ఓదెలు.

రాజు యుద్ధం తలపెట్టాడు. "మనవాళ్ల భయం శత్రువుకు కనబడకూడదు" అని మూడు వందల ఇనుప టోపీలు చేయించాడు. ఒక్కోదానికి ముందు ఒక ఇనుప రేకు. రేకు దించితే ముఖం ఉండదు, రెండు చీలికలే. మూడు వందల మంది రేకులు దించుకుని వాకిలి దాటారు. ఎవరికి ఊపుతున్నారో తెలియకుండానే తల్లులు చేతులూపారు.

మూడు వందల మంది పోయారు. మూడు గుర్రాలు తిరిగొచ్చాయి.

తల్లులు గొల్లుమంటే రాజు ఒప్పుకోలేదు. "ఏడిస్తే ఓడినట్టు. మనం గెలిచాం!" అన్నాడు. గెలుపు బొమ్మ గోడ నిండా వేయించాడు. వరస వెనక వరస, అన్నీ ఇనుప ముఖాలే.

"వీళ్లలో మావాడెవడు నాయనా?" అని అడిగింది సూరవ్వ.

"అందరికీ ఒకటే అచ్చు వాడాను అవ్వా. ఎవడనుకుంటే వాడు" అన్నాడు చిత్రకారుడు.

"ఎవడనుకుంటే వాడు కొడుకవుతాడా? పోయి మీ అమ్మనడుగు!"

మర్నాడు ఆమె దీపపు మసిని ఆముదంతో రంగరించి చేసిన కాటుక తెచ్చింది. తల్లులను పిలిచింది. "పసితనంలో మీవాడికి దిష్టిచుక్క ఎక్కడ పెట్టేవాళ్లు?"

"కుడి బుగ్గ మీద." ఆ తల్లి ఒక ఇనుప ముఖాన్ని ఎంచుకుంది. చుక్క పెట్టింది. ఏడ్చింది. పక్కకు జరిగింది.

"నుదుటి మీద, ఓ మూలకి." చుక్క పెట్టింది. ఏడ్చింది. పక్కకు జరిగింది.

"మావాడు చెరిపేసుకునేవాడు, దొంగ సచ్చినోడు! చెవి పక్కన పెట్టేదాన్ని." చుక్క పెట్టింది. ఏడ్చింది. పక్కకు జరిగింది.

చివరికి ఒక్క ముఖం మిగిలింది. "మా ఓదెలుకు ఎడమ దవడ మీద" అంటూ సూరవ్వ వేలెత్తింది. అంతలో ఇంకో తల్లి రొప్పుతూ వచ్చింది.

"అక్కా, నాకు లేదా?"

గోడ చాలక చిత్రకారుడు రెండు వందల తొంభై తొమ్మిది మందినే వేశాడు. సూరవ్వ వేలు గాలిలోనే ఆగింది. "నువ్వే పెట్టు చెల్లీ" అంది.

అది చూసి రాజు ఆ చుక్కల మీద సున్నం కొట్టించాడు. ఆముదం మీద సున్నం నిలుస్తుందా? చుక్కలు తేలాయి. రెండోసారి కొట్టించాడు. తేలాయి. మూడోసారీ తేలాయి.

"ఎవరిదీ పని?"

"నాదే దొరా" అంది సూరవ్వ.

"నీకెన్ని గుండెలే?"

"ఒక్కటే ఉండేది దొరా. అది మీ యుద్ధానికి పోయింది."

రాజు ఆమె తలకు ఇనుప టోపీ పెట్టించి, రేకు దించి, మేకులు కొట్టించాడు. ఆ గోడ కిందే మూడు రోజులు బతికింది. తల్లులు చీలికల్లోంచి నీళ్లు పోసేవాళ్లు. నాలుగో పొద్దు పొడిచేసరికి నీళ్లు బయటికే కారాయి.

రేకు ఎవరికీ ఊడిరాలేదు. తల్లులు ఆ ఇనుము మీదే, ఎడమ దవడ దగ్గర, కాటుక చుక్క పెట్టారు. ఏడ్చారు. పక్కకు జరగలేదు.

ఆ రాజు పేరేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆ వైపు ఊళ్లలో బండికి కొత్త హెల్మెట్ కొంటే మాత్రం, ఇంటావిడ ముందు దాని ఎడమ పక్కన కాటుక చుక్క పెడుతుంది. బండెక్కినవాడు ముందరి అద్దం దించబోతే వాకిట్లోంచి కేకేస్తుంది:

"ఆగరా! సూరవ్వకు ముఖం చూపించి పో."